అసిరమ్మ వేసిన అడుగులు

పెదగరువు పురపాలక కార్యాలయంలో కుర్చీలు పోయిన రోజున పోలినాయుడు అక్కడే ఉన్నాడు. దొంగలెవరూ రాలేదు. పట్టపగలు పదకొండు గంటల వేళ చెత్త ట్రాక్టరును వెనక్కి నడుపుకుంటూ తెచ్చి వరండాకు ఆనించారు. నలభై రెండు కుర్చీలు, తొమ్మిది స్టూళ్లు, జనం కూర్చోవడానికి వేసిన రెండు చెక్క బల్లలు అందులోకి ఎక్కించారు. చివరికి జనన మరణాల విభాగంలో పట్నాయక్ గారి కుర్చీ ఒక్కటి మిగిలింది. ఆయన అందులోంచి లేవలేదు. ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టుకుని, పీటల మీంచి పెళ్లికొడుకును లేపినట్టు మర్యాదగా లేపి, కుర్చీ పట్టుకుపోయారు.

"ఇరవై ఆరేళ్ల సర్వీసు నాయుడూ," అన్నాడు పట్నాయక్ బీరువాకు ఆనుకుని. "ఆ కుర్చీకి నా ఒంటి అచ్చు పడిపోయింది. ఇంకోడు కూర్చుంటే అందులో దిగబడిపోతాడు."

పోలినాయుడు తల ఊపాడు. అతను వచ్చిన పని వేరు. అతని తల్లి అసిరమ్మ మాఘమాసంలో పోయింది. ఇప్పుడు వైశాఖం. ఆమె మరణ ధ్రువపత్రం కోసం అతను ఈ మెట్లెక్కడం ఇది ఆరోసారి.

ఊళ్లో పోలినాయుడిని ఎరగనివాళ్లు లేరు. కోమటివీధి వెనక అతని తాలింఖానా ఉంది. రేకుల షెడ్డు, మట్టి నేల, రెండు జతల గదలు, అరిగిపోయిన డంబెళ్లు, గోడకి ఆంజనేయస్వామి పటం. అద్దం లేదు. అద్దం ఎందుకు లేదని అడిగితే, "అద్దం ముందు సేసిన కసరత్తు అద్దానికే పోద్ది. ఒంటికేటి మిగుల్తాది?" అనేవాడు. మెయిన్ రోడ్డు మీద కొత్తగా వెలిసిన ఏసీ జిమ్ము గురించి అతనికి గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. అక్కడ పాట ఆగితే కసరత్తు ఆగిపోతుందనీ, ఒక బస్కీకి మూడు ఫొటోలనీ, డబ్బాలో పొడి కరిగించి తాగేవాడు ఇంటి దగ్గర అమ్మ పెట్టిన ఉలవచారు మిగిల్చేస్తున్నాడనీ చెప్పేవాడు. చేరిన మొదటిరోజే కండ ఎప్పుడొస్తుందని అడిగినవాడు నెల తిరిగేలోగా కనబడడని అతని లెక్క. ఆ లెక్క ఇరవై ఏళ్లలో రెండుసార్లే తప్పింది.

తాలింఖానా స్థలం అసిరమ్మ పేరున ఉంది. నడుపుకునే అనుమతి ఏటా ఆమె పేరునే వచ్చేది. ఆమె పోయిందని పోలినాయుడు వెళ్లి నిజం చెప్పాడు. చెప్పిన వారానికి, హక్కుదారు మరణించినందున అనుమతి రద్దయిందని రెవెన్యూ విభాగం వాళ్లు గేటుకి తాళం వేసి లక్క ముద్ర కొట్టారు. స్థలం అతని పేరుకి మారాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. అది జనన మరణాల విభాగం ఇవ్వాలి. ఆ విభాగం లెక్కలో ఆమె ఇంకా చనిపోలేదు. కాబట్టి అసిరమ్మ వరండాకు ఇటు చనిపోయింది, అటు బతికి ఉంది. వరండా ఎనిమిది అడుగుల వెడల్పు.

"ఈ వేళ సంతకం ఎట్టీసీవోరే కదా బాబూ," అన్నాడు పోలినాయుడు.

"పెట్టేసేవాణ్ణే. కూర్చోకుండా నేను సంతకం ఎలా పెట్టను? చెయ్యి రాదు," అని, పట్నాయక్ గోడకి అంటించిన ఉత్తర్వు చూపించాడు.

కమిషనర్ గారు ఎక్కడో చల్లని కొండల్లో మూడు రోజుల శిక్షణకు వెళ్లి, నిన్ననే తిరిగి వచ్చారు. ఉత్తర్వు ఆయనే స్వయంగా రాసుకున్నారు. "ఆసీనత్వమే అలసత్వమునకు మూలము. కూర్చున్న ఉద్యోగి వలన ఫైలు కూర్చొనును. ఫైలు చలనశీలము కావలెనన్న ఉద్యోగి ముందుగా చలనశీలుడు కావలెను. కావున తక్షణమే అమలులోనికి వచ్చునట్లు ఆసనములన్నియు ఉపసంహరించడమైనది."

పోలినాయుడు ఉత్తర్వు కూడబలుక్కుని చదువుతుండగా కమిషనర్ గారే అటు వచ్చారు. ఆయన నడవడం లేదు, కవాతు చేస్తున్నట్టు మోకాళ్లు పైకెత్తుతూ ముందుకు జరుగుతున్నారు. పోలినాయుడి భుజాలు చూసి ఆగారు. కాళ్లు మాత్రం ఆగలేదు.

"మీ దేహసౌష్ఠవం స్ఫూర్తిదాయకంగా ఉంది. మీరెవరు?"

"తాలింఖానా పోలినాయుడునండి. మాయమ్మ సర్టిఫికెట్టు కోసరం..."

"అద్భుతం. ఈ సంస్థకు ఒక గౌరవ దేహదారుఢ్య సలహాదారు అవసరం ఉంది. మీ అభిప్రాయం చెప్పండి. ఉద్యోగి ఆరోగ్యానికి ప్రథమ సోపానం ఏమిటి?"

"నిద్రండి. ఏలకి తిండి, కడుపునిండా నిద్ర. ఆ మీదట నడక. అదైనా మనసుపడి నడవాల గాని, ఎవులో సెప్తే నడిస్తే ఒంటికి పట్టదు బాబూ."

"నడక!" అన్నారు కమిషనర్ గారు. మిగతాదంతా ఆయన చెవుల పక్కగా పోయింది. "నోట్ చేసుకోండి. సలహాదారు గారు నడకను సిఫారసు చేశారు."

పోలినాయుడు కాదనబోయాడు. పట్నాయక్ వెనకనుంచి అతని చొక్కా లాగాడు. "ఒప్పేసుకో నాయుడూ. లోపలి మనిషివైతే నీ ఫైలు వారంలో తేలిపోతుంది." పోలినాయుడు ఒప్పుకున్నాడు. తాళం పడ్డ తాలింఖానా గేటు బయట పద్నాలుగు మంది శిష్యులు పొద్దున్నే వచ్చి, నిలబడి, వెళ్లిపోతున్నారు. అతని మనసంతా అక్కడే ఉంది.

వారం తిరగకుండా నడక పథకం వచ్చింది. ఉద్యోగులందరికీ కాలి చీలమండ దగ్గర కట్టుకునే పట్టీలు పంచారు. ఎన్ని అడుగులు వేస్తే అన్నీ అందులో పడతాయి. ఊరివాళ్లు వాటిని కమిషనర్ గారి గజ్జెలు అన్నారు. రెండో ఉత్తర్వు ప్రకారం ఏ సంతకానికైనా ముందు, అది పెట్టే ఉద్యోగి పట్టీలో అడుగులు జమ కావాలి. కొళాయి దరఖాస్తుకి అయిదు వందలు, ఇంటి ప్లానుకి రెండు వేలు. మరణ ధ్రువపత్రానికి నాలుగు వేలు. అంత ఎందుకని పోలినాయుడు అడిగాడు.

"మరణమనేది గంభీరమైన విషయం," అన్నారు కమిషనర్ గారు. ఆయన గదిలో కుర్చీ ఉండే చోట నడిచే యంత్రం బిగించారు. దాని మీద నడుస్తూనే ఫైళ్లు చూసేవారు. ఆ వూపులో పెట్టిన సంతకాలు చూసి, ఎవరో ఫోర్జరీ చేశారని పై కార్యాలయం వాళ్లు పదకొండు ఫైళ్లు తిప్పి పంపారు. "తేలికగా ఇచ్చేస్తే జనం బాధ్యత లేకుండా చనిపోతారు."

పట్నాయక్ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నాలుగు వేలు కాదు, నాలుగు వందలకే ఆయన గోడ పట్టుకునేవాడు. ఆయనొక్కడే కాదు. మొదటివారం చివరికి కార్యాలయం మొత్తం వేసిన అడుగులు చూస్తే ఒక్క ప్లాను కూడా కదలదు. అలాంటి సమయంలో వాళ్లకు కొర్లయ్య కనిపించాడు.

కొర్లయ్య టైలరు. కార్యాలయానికి ఎదురుగా రోడ్డుకి అవతల అతని కొట్టు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కుట్టుమిషను తొక్కుతూనే ఉంటాడు. ఒకరోజు ఇంజనీరింగు విభాగం గుమస్తా చినిగిన జేబు కుట్టించుకోవడానికి వెళ్లి, పట్టీ గట్టిగా ఉందని విప్పి, సరదాకి కొర్లయ్య కాలికి చుట్టాడు. జేబు కుట్టడం పూర్తయ్యేసరికి ఎనిమిది వందల అడుగులు.

మర్నాటికి కొర్లయ్య కుడికాలికి ఏడు పట్టీలు, ఎడమకాలికి ఏడు. మోకాలి కిందనుంచి మడమ దాకా అంతకంటే చోటు లేదు. చోటు కోసం తగువులయ్యాయి. ఉద్యోగుల సంఘం సమావేశమై, కొర్లయ్య కాళ్ల మీద స్థలం సర్వీసు సీనియారిటీ ప్రకారం, రిజర్వేషన్లకు లోబడి కేటాయించాలని తీర్మానించింది. కుడికాలు గెజిటెడ్ వాళ్లకి. జనన మరణాల విభాగానికి నిరీక్షణ జాబితాలో ఇరవై మూడో నంబరు వచ్చింది.

"అన్నా, కాలు బరువెక్కిపోతందా?" అని అడిగాడు పోలినాయుడు ఒక సాయంత్రం కొట్టు అరుగు మీద కూర్చుని.

"బరువేటుందిరా! మాయావిడ మురిసిపోతంది. పెళ్లిలో నాను దానికి పట్టీలెట్టలేదు, ఇప్పుడు ఆపీసరోలందరూ కల్సి నాకెట్టినారు," అన్నాడు కొర్లయ్య మిషను ఆపకుండా. "నువ్వు సెప్పు. కసరత్తు మాస్టారివి కదా. నాను నడుస్తన్నట్టా, కూకున్నట్టా?"

పోలినాయుడు వంగి అతని పిక్కలు నొక్కి చూశాడు. రాయిలా ఉన్నాయి. ఊళ్లో ఏసీ జిమ్ము మొత్తం గాలించినా అలాంటి పిక్క దొరకదు. "నువ్వు పని సేస్తన్నావన్నా," అన్నాడు. "అసలు కసరత్తంటే అదే."

జ్యేష్ఠంలో పెళ్లిళ్లు జోరుగా జరిగాయి. కార్యాలయం అడుగులు ఆకాశానికి లేచాయి. ఆషాఢం రాగానే పెళ్లిళ్లు ఆగాయి, కుట్టుపని ఆగింది, అడుగులు సగానికి పడిపోయాయి. కమిషనర్ గారు ఆందోళన చెంది పై కార్యాలయానికి నివేదిక పంపారు. "ఆషాఢ మాసమున ఉద్యోగుల దేహచైతన్యము అకారణముగా క్షీణించుచున్నది. ప్రాచీనులు ఈ మాసమును శూన్యమాసమని పిలుచుటలో శాస్త్రీయత కలదని తోచుచున్నది. పరిశోధనకు నిపుణుల కమిటీని నియమించ ప్రార్థన." కమిటీ వచ్చింది. చేరేసరికి శ్రావణం మొదలై, బట్టల దుకాణాల వాళ్లు జాకెట్టు ముక్కలు కుప్పలు పోశారు. అడుగులు మళ్లీ పైకి లేచాయి. ఆరోగ్యం మెరుగుపడింది కనక తమ రాక ఫలించిందని కమిటీ రాసిపెట్టి వెళ్లింది.

శ్రావణ శుక్రవారం నాడు పట్నాయక్ వంతు వచ్చింది. ఇంజనీరింగు విభాగం గుమస్తా బదిలీ కావడంతో కొర్లయ్య ఎడమకాలి మీద ఒక ఖాళీ ఏర్పడింది. సాయంత్రానికి నాలుగు వేల అడుగులూ జమ అయ్యాయి. పట్నాయక్ ఆ పట్టీని హారతి పళ్లెంలా రెండు చేతులతో పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. కలం తీశాడు. పోలినాయుడి మొహం చూశాడు. అప్పుడే కమిషనర్ గారి గదిలోంచి మూడో ఉత్తర్వు వచ్చింది.

ఉద్యోగులు దృఢపడ్డారు కనక ఇక పౌరులు దృఢపడాలి. దరఖాస్తుదారులు కౌంటరు దగ్గర బస్కీలు తియ్యాలి. కొళాయికి పది, పుట్టిన పత్రానికి తండ్రి ఇరవై, పెళ్లి నమోదుకి వధూవరులు కలిసి నలభై. మొదటిరోజే ఒక పెళ్లికొడుకు పన్నెండో బస్కీకి కౌంటరు పట్టుకుని ఉండిపోయాడు. పెళ్లికూతురు నలభై తీసి, ఊపిరి పీల్చుకుని, "ఇంకా తియ్యాలాండీ?" అని అడిగింది. ఆడపిల్లవారు ఒక పక్కకి పోయి గుసగుసలాడుకున్నారు. నమోదు ఆ రోజు జరగలేదు. మోకాళ్ల నొప్పులతో వచ్చిన ముసలివాళ్లకు పోలినాయుడు సలహాదారు హోదాలో ఒక సవరణ రాయించాడు. "ఊపిరి తీసి వదులుటయు వ్యాయామమే." ఆ హోదాలో అతను చేసిన పని అదొక్కటే. దాన్ని కూడా కమిషనర్ గారు ప్రాణాయామ విప్లవం అని పత్రికల వాళ్లకు చెప్పుకున్నారు.

ఉత్తర్వులో రెండో భాగం ఉంది. ఊళ్లో బతికి ఉన్న, వయసొచ్చిన ప్రతి మనిషీ రోజుకి మూడు వేల అడుగులు నడవాలి. నలభై అయిదు రోజులు నడిచినవారికే నడక బకాయి లేదని చీటీ ఇస్తారు. ఆ చీటీ లేని పేరు మీద ఏ ధ్రువపత్రమూ ఇవ్వరు. బతికి ఉన్నవాళ్ల జాబితా జనన మరణాల రిజిస్టరులోంచి తీశారు.

పదోరోజున పోలినాయుడికి ఒక కట్ట నోటీసులు ఇచ్చి, ఇళ్లకు వెళ్లి అందించమన్నారు. ఆరో నోటీసు అతని ఇంటి నంబరుకే ఉంది. "శ్రీమతి అసిరమ్మ, వయస్సు డెబ్బై ఒకటి. తాము పథకము ప్రారంభమైన నాటి నుండి ఒక్క అడుగైనను వేయకపోవుట తీవ్రముగా పరిగణించడమైనది." దానితో పాటు ఒక కొత్త పట్టీ.

పోలినాయుడు నోటీసు ఇంటికి పట్టుకెళ్లి, గ్రహీతకు చదివి వినిపించాలన్న ఉత్తర్వు ప్రకారం తల్లి మంచం దగ్గర చదివాడు. మంచం ఖాళీగా ఉంది. తరవాత కార్యాలయానికి వెళ్లి జవాబు రాసి ఇచ్చాడు: "ఆమె లేదు. మాఘమాసంలో పోయింది."

కమిషనర్ గారు యంత్రం మీద నడుస్తూనే చదివారు. "మినహాయింపుల జాబితాలో మరణం ఉంది, నేనే చేర్పించాను. నేను కఠినుణ్ణి కాను. మరణ ధ్రువపత్రం జతపరచండి."

"దానికోసరమే కద బాబూ తిరుగుతన్నాను! అది ఇవ్వాలంటే మాయమ్మ నడవాలంట."

"మరి నడిపించండి. మీరు ఈ సంస్థ సలహాదారు. ఊరందరినీ నడిపిస్తున్నారు. ఇంట్లో మనిషిని నడిపించలేరా?"

ఆయనకి తెలిసి అన్న మాట కాదు. పోలినాయుడు బయటికొచ్చి కొర్లయ్య అరుగు మీద కూర్చుని, పట్టీ చేతిలో తిప్పుతూ జరిగింది చెప్పాడు. అసిరమ్మ రెండేళ్ల కిందట గడప తగిలి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తరవాత లేవలేదు. రోజూ పొద్దున కాళ్లు చాపించి, మడిపించి, నూనె రాసి, వీధి చివర కొళాయి దాకా నడిపిస్తానని కొడుకు చెప్పేవాడు. "నడిపిద్దువులే, తొందరేటి," అనేది ఆమె.

"ఇలగియ్యిరా ఆ పట్టీ," అన్నాడు కొర్లయ్య చెయ్యి చాపి. "ఎడంకాలి మీద ఎవుడిదో ఒకడిది పీకీసి మీయమ్మది కట్టీస్తాను. సీనియారిటీ అంటే మీయమ్మకన్నా సీనియరెవుడు? దసరా జాకెట్లతో తేలిపోద్ది."

"వొద్దన్నా," అన్నాడు పోలినాయుడు. "మాయమ్మవి నానే నడుస్తాను."

మర్నాడు తెల్లవారగానే తల్లి పట్టీ కట్టుకుని బయల్దేరాడు. అతని నడక వేరు, ఆమె నడక వేరు. పది అడుగులు వేశాక తనకే తెలియకుండా వేగం తగ్గించాడు. వీధి చివర కొళాయి దాకా నూట అరవై అడుగులయ్యాయి. అక్కడ ఆగాడు. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు, ఎవరికోసమైనా చూస్తున్నాడేమో అనుకున్నారు. కాసేపటికి ముందుకి నడిచాడు. అలా నలభై అయిదు రోజులు, వానలో కూడా. తాలింఖానా పద్నాలుగు మందీ, గేటు తాళం తియ్యకపోయేసరికి, ఎక్కడికని అడక్కుండా అతని వెనకాల నడవడం మొదలుపెట్టారు. ఎవరూ ఫొటో తీసుకోలేదు.

నలభై ఆరో రోజున నడక బకాయి లేదన్న చీటీ వచ్చింది. పోలినాయుడు దాన్ని మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని పట్నాయక్ దగ్గరికి వెళ్లాడు. పట్నాయక్ దగ్గర నాలుగు వేల అడుగులూ శ్రావణం నుంచి భద్రంగా ఉన్నాయి. బీరువా మీద రిజిస్టరు పరిచి, కలం తెరిచి, చీటీ చదివాడు. మళ్లీ చదివాడు. కలానికి మూత పెట్టాడు.

"నాయుడూ, ఒక చిక్కొచ్చింది."

"ఇంకేటి బాబూ?"

"మీ అమ్మ నిన్నటిదాకా రోజుకి మూడు వేల అడుగులు నడిచిందని ఇందులో ఉంది. కమిషనర్ గారి సంతకం, ముద్ర. రోజూ నడుస్తున్న మనిషి మాఘంలో చనిపోయిందని నేనెలా రాయను? నా ఉద్యోగం పోతుంది."

"ఆవిడ పోయింది మీకు తెల్దా? మీరొచ్చి పూలేసినారు కద!"

"వేశాను," అన్నాడు పట్నాయక్. తల దించుకున్నాడు. "మనిషిగా వేశాను. రిజిస్టరు రాలేదు కదా." కలం జేబులో పెట్టుకుని, "ఒక పని చెయ్యి. నడక ఆపెయ్. ఆపితే చనిపోయినట్టు రాయడానికి ఒక ఆధారం దొరుకుతుంది," అన్నాడు.

"ఆపితే బకాయి పడిపోద్ది కదండీ. సీటీ సెల్లదు."

పట్నాయక్ లెక్క వేసుకున్నాడు. వేళ్లు మడిచాడు, తెరిచాడు. "నిజమే," అన్నాడు.

అదే రోజు కమిషనర్ గారు పురపాలక మైదానంలో సభ పెట్టారు. ఉత్తమ నడక ఉద్యోగి బహుమతి కుడికాలి వాళ్లు పంచుకున్నారు. కొర్లయ్య సభకి రాలేదు. అతిథులకి కప్పడానికి నలభై శాలువలు అంచు కుట్టాలని అతనికి పని ఇచ్చారు. ఉత్తమ నడక పౌరురాలిగా, డెబ్బై ఏళ్లు పైబడిన విభాగంలో, అసిరమ్మ పేరు పిలిచారు.

"ఈ మహనీయురాలు ఒక్కరోజైనను విరామము తీసుకోలేదు," అన్నారు కమిషనర్ గారు మైకులో, మోకాళ్లు ఎత్తుతూనే. "ఒకప్పుడు ఒక్క అడుగు కూడా వేయని స్థితి నుండి, నేడు మూడు వేల అడుగులు! ఇది ఈ పథకము సాధించిన అద్భుతము. అమ్మగారు వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాము."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. పోలినాయుడు లేచి వెళ్లాడు. నోరు తెరిచాడు గాని, ఆ మైదానంలో మనుషులు చప్పట్లు కొడుతున్నారు. అతని తల్లి పేరు విని ఎవరైనా చప్పట్లు కొట్టడం అతను అంతకుముందు వినలేదు. శాలువ తీసుకుని దిగిపోయాడు. ఇంటికెళ్లి మంచం మీద పరిచాడు. అంచు కుట్టు చూసి, కొర్లయ్య చేతిదని గుర్తుపట్టాడు.

మర్నాడు తెల్లవారగానే లేచాడు. పట్టీ కట్టాలా వద్దా అని గడప దగ్గర కొంతసేపు నిలబడ్డాడు. తరవాత కట్టుకుని, కొళాయి దాకా నడిచాడు.

తాలింఖానా గేటు తాళం అలాగే ఉంది. పట్నాయక్ ఇంకా సంతకం పెట్టలేదు. అసిరమ్మ పేరు మరణాల రిజిస్టరులోకి ఇంకా ఎక్కలేదు.